చూడని భవనానికి పేరైన సోరాబ్జీ గోద్రెజ్

లింగియాడీహ్ (బిలాస్‌పూర్): రైల్వే పట్టణమైన బిలాస్‌పూర్ పరిధిలోని లింగియాడీహ్ వాసులకు బొగ్గు రైలు వింత కాదు. కోర్బా గనుల బొగ్గును మోసే వ్యాగన్లు ఈ ప్రాంతంలో రేయింబవళ్లు తిరుగుతూనే ఉంటాయి. సౌత్ ఈస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ ప్రధాన కార్యాలయం బిలాస్‌పూర్‌లోనే ఉన్నది. 2003లో ఏర్పడిన ఆగ్నేయ మధ్య రైల్వేకూ ఇదే కేంద్రం. జిల్లాలోని సీపత్‌లో 2,980 మెగావాట్ల ఎన్‌టీపీసీ విద్యుత్కేంద్రం పనిచేస్తున్నది. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచి కొలువుల కోసం వలస వచ్చి ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ బొగ్గుతోనూ, ఈ రైళ్లతోనూ తరాల అనుబంధం ఉన్నది.

తెలుగునాట వెలిగే దీపాలకు కూడా ఈ గడ్డతో సంబంధం లేకపోలేదు. పొరుగున ఉన్న జాంజ్‌గీర్-చాంపా జిల్లాలోని మార్వా కేంద్రం నుంచి 1,000 మెగావాట్లు కొనుగోలు చేసేందుకు తెలంగాణ రాష్ట్రం 2015లో ఒప్పందం కుదుర్చుకున్నది. ఆ కొనుగోలు తరువాతి కాలంలో రాజకీయ వివాదంగానూ, విచారణ సంఘానికి అంశంగానూ మారింది. అది వేరే కథ. ఒక్క యూనిట్ విద్యుత్తు తయారు కావడానికి మన దేశంలో సుమారు 650 నుంచి 700 గ్రాముల బొగ్గు కాలుతుందన్నది మాత్రం వివాదం లేని లెక్క. తీగలలో పోయే నష్టాన్ని కూడా కలుపుకుంటే, హైదరాబాద్‌లో ఒక యూనిట్ ఆదా అయినప్పుడు ఛత్తీస్‌గఢ్‌లో యూనిట్‌కు మించిన ఉత్పత్తి తప్పుతుంది.

ఈ లెక్కను పారిశ్రామికవేత్తల లాభనష్టాల పట్టికలోకి ఎక్కించడానికి హైదరాబాద్‌లోని కొండాపూర్‌లో ఒక సంస్థ వెలసింది. దాని పేరు సీఐఐ-సోరాబ్జీ గోద్రెజ్ హరిత వ్యాపార కేంద్రం. హైటెక్ సిటీకి వెళ్లే వేలాది ఉద్యోగులు ఆ బోర్డును నిత్యం చూస్తూనే ఉంటారు. ఆ పేరు గల మనిషి ఎవరో తెలిసినవారు కొద్దిమందే. ఆయన ఆ భవనాన్ని చూడనేలేదు.

సోరాబ్జీ పిరోజ్‌షా గోద్రెజ్ 1912లో బొంబాయిలో ఒక పార్సీ కుటుంబంలో జన్మించారు. అప్పటికి ఆ ఇంటి వ్యాపారానికి పదిహేనేళ్లు. ఆయన పెదనాన్న ఆర్దేషిర్ న్యాయవాద వృత్తిని విడిచిపెట్టి 1897లో తాళాల తయారీ ప్రారంభించారు. అబద్ధమాడనిదే ఆ వృత్తి సాగదని తోచి దానిని వదులుకున్నారని ప్రతీతి. తాళాల కార్ఖానాకు మేర్వాన్‌జీ కామా అనే వర్తకుడు పెట్టుబడి సమకూర్చి, తన బంధువైన బోయ్స్ అనే యువకుణ్ణి భాగస్వామిగా చేర్చుకొమ్మని కోరారు. బోయ్స్ ఎక్కువ కాలం నిలవలేదు. పేరు మాత్రం నిలిచిపోయింది. గోద్రెజ్ అండ్ బోయ్స్ అనే పేరులో నేటికీ ఆ తొలి భాగస్వామి ఉన్నాడు. మాట ఇచ్చి కలుపుకున్న పేరును తుడిచివేయకపోవడం ఆ ఇంటి స్వభావాన్ని తెలుపుతుంది.

ఆర్దేషిర్‌కు సంతానం లేదు. తాళాల తరువాత ఇనుప పెట్టెలు, ఆ తరువాత జంతువుల కొవ్వు కలపని సబ్బు ఆ సంస్థకు దేశవ్యాప్త ప్రఖ్యాతి తెచ్చాయి. స్వదేశీ ఉద్యమకాలంలో ఆ సబ్బు కేవలం సరుకు కాదు. తిలక్ స్వరాజ్య నిధికి ఆర్దేషిర్ 3 లక్షల రూపాయల విరాళం ఇచ్చారు. 1936లో ఆయన మరణించారు. తమ్ముడు పిరోజ్‌షా బాధ్యతలు వహించి, 1940వ దశకంలో బొంబాయి శివార్లలోని విక్రోలీలో విశాలమైన భూమిని సేకరించారు. స్వతంత్ర భారతదేశపు తొలి సార్వత్రిక ఎన్నికలకు కావలసిన ఉక్కు బ్యాలెట్ పెట్టెలలో పన్నెండు లక్షలకు పైగా తయారైంది ఆ విక్రోలీలోనే.

పిరోజ్‌షాకు ముగ్గురు కుమారులు. బుర్జోర్ సబ్బుల వ్యాపారం చూసుకున్నారు. నావల్‌కు యంత్రాలంటే ప్రాణం. దేశంలోనే తయారైన టైప్‌రైటరు, ఇంటింటికీ చేరిన రిఫ్రిజిరేటరు ఆయన హయాంలోనివే. పెద్దవారైన సోరాబ్జీ వద్ద అటువంటి చూపించదగిన వస్తువేదీ లేదు. 1972లో తండ్రి మరణానంతరం సంస్థకు పెద్దదిక్కుగా నిలిచిన ఆయన, కర్మాగారం గోడలకు వెలుపల జరిగే పనుల మీదనే మనసు పెట్టారు. చెట్లు, వన్యప్రాణులు, పాత కట్టడాలు, జనాభా పెరుగుదల ఆయన ఆసక్తులు. ప్రపంచ వన్యప్రాణి నిధి భారత శాఖకు అధ్యక్షులుగా పనిచేశారు. కుటుంబ నియంత్రణ గురించి బహిరంగంగా మాట్లాడటానికి నాయకులు సంకోచించిన రోజులలో కార్మికుల నివాసాలలో దాని ప్రచారాన్ని ప్రోత్సహించారు. 1999లో ప్రభుత్వం ఆయనకు పద్మభూషణ్ ప్రకటించింది.

ఆయన తరం పారిశ్రామికవేత్తలలో దాతలకు కొదువ లేదు. గుళ్లు కట్టించినవారున్నారు, కళాశాలలు పెట్టినవారున్నారు. పర్యావరణాన్ని దానధర్మంగా కాక వ్యాపార విధిగా పరిగణించినవారు మాత్రం అరుదు. విక్రోలీలో కర్మాగారాలకు, కాలనీలకు ఆవల ఠాణే ఖాళీ వెంబడి సుమారు 1,750 ఎకరాల మడ అడవి ఉన్నది. బొంబాయిలో గజం స్థలానికి గిరాకీ ఎంతటిదో చెప్పనవసరం లేదు. ఆ అడవిని పూడ్చి భవనాలు లేపి ఉంటే కలిగే రాబడి ముందు సబ్బులు, బీరువాల లాభాలు వెలవెలబోయేవి. గోద్రెజ్ కుటుంబం ఆ పని చేయలేదు. సోరాబ్జీ తల్లి సూనాబాయి పేరిట 1985లో అక్కడ సముద్ర జీవావరణ కేంద్రాన్ని నెలకొల్పి ఆ మడ అడవిని కాపాడుతూ వచ్చారు.

ఇక్కడ ఒక సంగతి చెప్పక తప్పదు. ఆ కుటుంబం అమ్మినవన్నీ ప్రకృతికి మేలు చేసినవి కావు. రిఫ్రిజిరేటరులో చల్లదనానికీ, దాని గోడలలో నింపే నురగకూ అప్పట్లో వాడిన వాయువులు ఆకాశంలోని ఓజోన్ పొరను దెబ్బతీసేవి. ఆ ఫ్రిజ్ ఇరవై నాలుగు గంటలూ కరెంటు తాగే యంత్రం. 1987లో మాంట్రియల్ ఒడంబడిక కుదిరి, 1992లో భారతదేశం అందులో చేరినప్పుడు మన ఫ్రిజ్ కంపెనీలన్నీ ఇరకాటంలో పడ్డాయి. గోద్రెజ్ సంస్థ జర్మనీ, స్విట్జర్లాండ్ దేశాల సహకారంతో హైడ్రోకార్బన్ వాయువులతో నడిచే సాంకేతికతను అలవరచుకునే మార్గం పట్టింది. మండే స్వభావం గల వాయువులు గనుక కర్మాగారంలో రక్షణ ఏర్పాట్లన్నీ మార్చుకోవలసి వచ్చింది. ఒకరి పరిశోధన, మరొకరి కర్మాగారం కలిస్తేనే ఇటువంటి మార్పు సాధ్యమని ఆ అనుభవం తెలియజెప్పింది.

భాగస్వామ్యాలన్నీ ఆ ఇంటికి అచ్చిరాలేదు. ఆర్థిక సంస్కరణల వెల్లువలో ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్‌తో సబ్బుల వ్యాపారంలో కుదిరిన పొత్తు 1996లో విడిపోయింది. జనరల్ ఎలక్ట్రిక్‌తో కలిసి పెట్టిన ఫ్రిజ్‌ల సంస్థ కూడా కొన్నేళ్లకు చెదిరింది. బ్రాండ్ ఎవరిది, పెత్తనం ఎవరిది అన్న ప్రశ్నలు ఇటువంటి పొత్తులను నిలవనీయవు. లాభం పంచుకునే చోట కుదరని సఖ్యత, ఎవరికీ నేరుగా లాభం రాని చోట కుదరడం విచిత్రమే.

ఆ సఖ్యతకు వేదిక హైదరాబాద్ అయింది. 2000 మార్చి 24న అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ నగరానికి వచ్చిన సందర్భంలో హరిత వ్యాపార కేంద్రం ప్రతిపాదనకు రూపం వచ్చింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, భారత పరిశ్రమల సమాఖ్య సీఐఐ, పిరోజ్‌షా గోద్రెజ్ ఫౌండేషన్ ప్రధాన భాగస్వాములు కాగా, అమెరికా అంతర్జాతీయ అభివృద్ధి సంస్థ సాంకేతిక సహకారం అందించింది. సోరాబ్జీ తమ్ముని కుమారుడు, సీఐఐ మాజీ అధ్యక్షుడు అయిన జంషీద్ గోద్రెజ్ కేంద్రం సారథ్యం వహించారు. సోరాబ్జీ అదే ఏడాది, 2000లోనే కన్నుమూశారు. కేంద్రానికి ఆయన పేరు పెట్టారు.

ఆ సంవత్సరం ఆంధ్రప్రదేశ్‌లో విద్యుత్తు ఎంతటి మంటలు రేపిందో పాఠకులకు గుర్తుండే ఉంటుంది. సంస్కరణల దరిమిలా పెంచిన ఛార్జీలపై ఊరూరా ఆందోళనలు రేగాయి. ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్ వద్ద పోలీసు కాల్పులలో ముగ్గురు మరణించారు. యూనిట్ ధర ఎవరు భరించాలన్న ప్రశ్నపై రాష్ట్రం రగులుతుండగా, యూనిట్లే తక్కువ వాడే ఉపాయం వెదికే సంస్థకు నగరం మరో మూలన సన్నాహాలు సాగాయి. ఆందోళనకారులకు ఆ సంగతి తెలిసి ఉంటుందని అనుకోలేము. తెలిసినా, ఒక బల్బు, ఒక పంపుసెట్టు గల రైతు పొదుపు చేయగలిగింది ఎంత? పొదుపు బాధ్యత అన్నింటికంటే ముందు పెద్ద వినియోగదారులదే.

కొండాపూర్ భవనం విస్తీర్ణం 20,000 చదరపు అడుగులు. వడోదరకు చెందిన వాస్తుశిల్పి కరణ్ గ్రోవర్ దీనికి రూపకల్పన చేశారు. నడుమ ముంగిలి విడిచి చుట్టూ గదులు కట్టారు. తెలుగు మండువా ఇల్లు ఎరిగినవారికి ఇందులో కొత్తదనం కనిపించదు. రెండు గాలి బురుజుల గుండా వచ్చే గాలి లోపలికి చేరే సరికి కొంత చల్లబడుతుంది. అందువల్ల ఏసీ యంత్రాలపై భారం తగ్గుతుంది. పగటివేళ చాలా గదులలో దీపం అవసరం ఉండదు. పైకప్పులో అధికభాగం పచ్చని తోట. 23.5 కిలోవాట్ల సౌరఫలకాలు కొంత విద్యుత్తు సమకూరుస్తాయి. వాడిన నీరు మొక్కల వేళ్ల మధ్య శుభ్రపడి తిరిగి తోటకే చేరుతుంది. చుక్క కూడా ఆవరణ దాటి పోదు. సాధారణ కార్యాలయాలతో పోలిస్తే విద్యుత్తు వాడకం సగానికి పైగా తగ్గింది. 2003లో ఈ భవనానికి అమెరికా హరిత భవన మండలి వారి లీడ్ ప్లాటినం గుర్తింపు లభించింది. అమెరికా వెలుపల ఆ గుర్తింపు పొందిన తొలి కట్టడం ఇదే. 2004 జులై 14న రాష్ట్రపతి ఏపీజే అబ్దుల్ కలాం దీనిని ప్రారంభించారు.

ప్రశంసల నడుమ అసలు ప్రశ్న ఖర్చుదే. మామూలు భవనం కంటే దీనికి సుమారు 18 శాతం అధికంగా వ్యయమైంది. ఆ అదనపు సొమ్ము విద్యుత్తు ఆదా రూపంలో తిరిగి రావడానికి ఏడేళ్లు పడుతుందని లెక్కగట్టారు. అద్దెకిచ్చే భవనం కట్టే బిల్డరు ఏడేళ్లు ఆగుతాడా? పైగా ఆ ఆదా అతనిది కాదు, కరెంటు బిల్లు కట్టే అద్దెదారుది. హరిత భవనాల వ్యాప్తికి అడ్డుపడిన అసలు ముడి ఇదే. అయితే దానిని కాలమే కొంత వదులు చేసింది. మరుసటి ఏడాది గుర్‌గావ్‌లో ఐటీసీ కట్టిన లక్షా డెబ్బై వేల చదరపు అడుగుల భవనానికి అదనపు వ్యయం 15 శాతం. 2005లో అక్కడే విప్రో కట్టిన దానికి 8 శాతం. హరిత భవన మండలి ప్రచురించిన లెక్కలివి. గాజు, ఇన్సులేషన్, పనిమంతమైన ఏసీ యంత్రాలు ఇక్కడే దొరకడం మొదలైన కొద్దీ ధర దిగింది. మొదట కట్టినవాడు చెల్లించిన అదనపు ధర తరువాతి వారికి తగ్గింపుగా మారింది.

కొండాపూర్ కేంద్రం అంతటితో ఆగలేదు. సిమెంటు, కాగితం, విద్యుత్తు వంటి పరిశ్రమలలో ఎక్కడ ఆవిరి వృథా అవుతున్నదో, ఏ మోటారు అవసరానికి మించి తిరుగుతున్నదో తనిఖీ చేసి చెప్పడం దాని నిత్యకృత్యం అయింది. పోటీ కంపెనీలు తమ వాడకం అంకెలను ఒకే బల్లపై పెట్టి పోల్చుకునేలా చేయడం బహుశా అన్నింటికంటే కష్టమైన పని. ఈలోగా కేంద్ర ప్రభుత్వం 2001లో ఇంధన పొదుపు చట్టం తెచ్చింది. 2002లో ఇంధన సామర్థ్య బ్యూరో ఏర్పడింది. 2006లో ఫ్రిజ్‌లు, ఏసీలపై నక్షత్రాల గుర్తులు వచ్చాయి. 2001లో ఏర్పడి కొండాపూర్ నుంచే పనిచేస్తున్న భారత హరిత భవన మండలి వద్ద నమోదైన నిర్మాణాల విస్తీర్ణం వెయ్యి కోట్ల చదరపు అడుగులు దాటింది.

నమోదు వేరు, ఆచరణ వేరు. కొండాపూర్ చుట్టూ లేచిన అద్దాల మేడలను చూస్తే ఈ తేడా తెలిసిపోతుంది. ఎండను ఆహ్వానించే గాజు గోడలు కట్టి, ఆ వేడిని తరిమేందుకు పగలంతా ఏసీలు నడిపే భవనాల ముఖద్వారాన కూడా హరిత ఫలకాలు కనిపిస్తాయి. కట్టేనాటి నమూనాకు ఇచ్చిన గుర్తింపును, పదేళ్ల తరువాతి కరెంటు బిల్లుతో సరిపోల్చి బహిరంగపరచే ఆనవాయితీ మన నగరాలలో ఇంకా బలపడలేదు. సోరాబ్జీ పేరుతో నడిచే కేంద్రమే అందుకు పూనుకుంటే అభ్యంతరం చెప్పేవారెవరు?

గోద్రెజ్ కుటుంబం 127 ఏళ్ల ఉమ్మడి వ్యాపారాన్ని 2024లో పంచుకున్నది. సబ్బులు, గృహనిర్మాణం తదితర వ్యాపారాలు బుర్జోర్ కుమారులైన ఆది, నాదిర్‌ల వైపు వెళ్లాయి. గోద్రెజ్ అండ్ బోయ్స్, దానితోపాటు విక్రోలీ భూములు నావల్ సంతానమైన జంషీద్, స్మితల వైపు నిలిచాయి. మడ అడవి ఆ భూములలోనే ఉన్నది.