ఎన్టీఆర్ చైతన్య రథం: గుర్రపు బలం తక్కువే.. కానీ నంద్యాలలో కదలకుండా ఆగడమే దాని అసలు సత్తా!

నంద్యాల నుంచి ఆళ్లగడ్డ.. నలభై కిలోమీటర్ల పైచిలుకు దారి. ఇప్పుడైతే నేషనల్ హైవే 40 మీద కారులో గంట కూడా పట్టదు. అదే 1982లో ఓ పాత షెవర్లే వ్యాన్‌కి ఇలాంటి దూరం దాటాలంటే ఒక పూట చాలేది కాదు. బండిలో లోపమేం లేదు. ఊరూరా జనం అడ్డం నిలబడి ఆపేవాళ్లు. ఆ వ్యాన్ టాప్ మీద ఖాకీ బట్టల్లో నిల్చున్న మనిషి నందమూరి తారక రామారావు. ఆ బండి పేరు చైతన్య రథం.

అమెరికన్ పాత కార్లంటే ఇవాళ కోట్లలో మాట. మరి తెలుగు నేల మీద తిరిగిన అమెరికన్ బండ్లలో అందరికీ గుర్తున్నది ఏదంటే, స్పీడులో ఏ లెక్కకూ రాని ఈ వ్యానే. దాని విలువ తెలియాలంటే దాన్ని ఎక్కిన మనిషి కథ తెలియాలి. ఆ కథలో నంద్యాలకి ఓ ప్రత్యేకమైన చోటు ఉంది.

సైకిల్ మీద పాలు.. ఉద్యోగం మూడు వారాలు

ఎన్టీఆర్ 1923 మే 28న కృష్ణా జిల్లా నిమ్మకూరులో పుట్టారు. తల్లిదండ్రులు లక్ష్మయ్య చౌదరి, వెంకట్రామమ్మ. విజయవాడలో చదువుకునే రోజుల్లో ఇంటి పరిస్థితి బాగోక సైకిల్ మీద హోటళ్లకు పాలు పోసేవారు. గుంటూరు ఏసీ కాలేజీలో డిగ్రీ పూర్తయ్యాక 1947లో సబ్ రిజిస్ట్రార్ ఉద్యోగం వచ్చింది. ఆ రోజుల్లో అది చిన్న ఉద్యోగం కాదు. అయినా మూడు వారాలకే వదిలేసి సినిమా కోసం మద్రాసు రైలెక్కారు.

1949లో ఎల్వీ ప్రసాద్ తీసిన మనదేశంలో చిన్న పోలీసు వేషం. 1951లో పాతాళ భైరవితో స్టార్ అయిపోయారు. 1957లో మాయాబజార్‌లో కృష్ణుడిగా కనిపించాక ఇక ఆ వేషం ఆయనదే అన్నట్టు జనం మనసుల్లో నిలిచిపోయింది. ఈ రెండు సినిమాల దర్శకుడు కేవీ రెడ్డిది తాడిపత్రి. నిర్మాతల్లో ఒకరైన బి.నాగిరెడ్డిది కడప జిల్లా పొట్టిపాడు. అంటే కృష్ణా జిల్లా కుర్రాణ్ణి హీరోగా నిలబెట్టిన చేతుల్లో సీమ చేతులు గట్టివే.

ఆ రుణమో ఏమో, 1952 ప్రాంతంలో రాయలసీమను కరువు కమ్మేసినప్పుడు ఎన్టీఆర్ తోటి నటులతో కలిసి ఊళ్లు తిరిగి విరాళాలు పోగుచేశారు. 1977లో దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడూ జోలె పట్టారు. జనం మధ్యకి వెళ్లి చేయి చాపడం ఆయనకు రాజకీయాల్లోకి వచ్చాక నేర్చుకున్న విద్య కాదు.

అరవయ్యో పడిలో పార్టీ

1982 మార్చి 29. హైదరాబాద్‌లో తెలుగుదేశం పార్టీ ప్రకటన. అప్పటికి ఎన్టీఆర్‌కి 58 ఏళ్లు నిండి 59 నడుస్తోంది. సినిమాల్లో గిరాకీ తగ్గి వచ్చారనుకుంటే పొరపాటే. అడవి రాముడు, వేటగాడు, కొండవీటి సింహం లాంటి హిట్లు వరసగా పడుతున్న రోజులవి. బొబ్బిలి పులి రిలీజైంది పార్టీ పెట్టిన తర్వాతే. ఓడిపోతే అటు సినిమా, ఇటు పరువు.. రెండూ పోయే పందెం అది.

ఎన్నికలకి చేతిలో ఉన్నది తొమ్మిది నెలలు. పార్టీకి ఊళ్లలో ఆఫీసుల్లేవు, పాత లీడర్లు లేరు. టీవీ అంటే దూరదర్శన్ ఒక్కటే, అదీ కొద్ది ఇళ్లలోనే. జనం దగ్గరికి మనిషే వెళ్లాలి. అక్కడ అక్కరకొచ్చింది షెవర్లే వ్యాన్.

రథం తయారైంది ఇలా

జనరల్ మోటార్స్ 1928లోనే బొంబాయిలో ఫ్యాక్టరీ పెట్టి షెవర్లే బండ్లు బిగించి అమ్మింది. 1954లో అది మూతపడింది. అయినా ఆ బండ్లు మన రోడ్ల మీద ఇంకా చాలా ఏళ్లు తిరిగాయి. అలాంటి కాలానికి చెందిన వ్యానే చైతన్య రథం. దాని నంబర్ ఏబీఆర్ 7776. లోపల పడుకోవడానికి ఏర్పాటు చేసుకున్నారు. టాప్ మీదికి ఎక్కి నిలబడి మాట్లాడేందుకు వీలు కల్పించారు. మైకులు, లైట్లు బిగించారు. స్టీరింగ్ పట్టింది కొడుకు హరికృష్ణ.

ఇక ఇంజిన్ సంగతి. 1940ల్లో షెవర్లే వ్యాన్లు, ట్రక్కుల్లో ఎక్కువగా ఉండేది వరసగా ఆరు సిలిండర్లున్న ఇంజిన్. సైజు సుమారు మూడున్నర లీటర్లు. బలం దాదాపు 90 హార్స్‌పవర్. అంటే ఇవాళ్టి మామూలు ఫ్యామిలీ కారుకి కాస్త అటూ ఇటూ. అదే షెవర్లే కంపెనీ 1970లో తెచ్చిన షెవెల్ ఎస్ఎస్ 454 అనే మజిల్ కారులో 7.4 లీటర్ల ఇంజిన్ ఉండేది. టాప్ మోడల్‌కి 450 హార్స్‌పవర్ అని కంపెనీ లెక్క. పావు మైలు, అంటే నాలుగొందల మీటర్ల దూరాన్ని 14 సెకన్లలోపే దాటేసేది. ఈ తరహా కార్లలో అరుదైనవాటికి ఇప్పుడు వేలంపాటలో పలికే ధర కళ్లు తిరిగేలా ఉంటుంది. ప్లిమత్ కంపెనీ 1971లో చేసిన హెమీ కూడా అనే ఓపెన్ టాప్ కారు 2014లో 35 లక్షల డాలర్లకి అమ్ముడైంది. అవి తయారైందే 11 మరి.

ఆ లెక్కన చూస్తే చైతన్య రథం ఎక్కడా నిలబడదు. కానీ ఎన్నికల ప్రచారానికి కావాల్సింది నాలుగొందల మీటర్ల పరుగు కాదు. రోజంతా జనం మధ్య మనిషి నడక వేగంతో కదలడం. బండికి ఇది పరుగు కన్నా కష్టమైన పరీక్ష. వేగంగా వెళ్తుంటే ఎదురుగాలి రేడియేటర్‌ని చల్లబరుస్తుంది. నడక వేగంలో ఆ గాలి ఉండదు. అంతా ఫ్యాన్ మీదే భారం. ఎండలో నీళ్లు మరిగిపోతాయి. పది అడుగులకోసారి క్లచ్ తొక్కాలి. టాప్ మీద మనుషుల బరువు, బ్యాటరీ మీద మైకుల బరువు.

ఆ పాత ఆరు సిలిండర్ల ఇంజిన్ ఈ పనికి సరిగ్గా సరిపోయేది. దాంట్లో కనెక్టింగ్ రాడ్ బేరింగులకి ఆయిల్ ఇప్పటి బండ్లలోలా ఒత్తిడితో అందేది కాదు. రాడ్లు తిరుగుతూ ఆయిల్‌ని చిలకరించుకునే పద్ధతి. ఎక్కువ స్పీడులో తిప్పితే బేరింగులు పోతాయి. నెమ్మదిగా తిప్పితే మాత్రం ఏళ్లకేళ్లు మొరాయించదు. తక్కువ చక్కర్లలోనే లాగే బలం దొరుకుతుంది కాబట్టి గుంతల రోడ్డు మీద, మెట్టల మీద కూడా నింపాదిగా ఎక్కేస్తుంది. రిపేరు వచ్చినా పల్లెటూరి మెకానిక్‌కి చేయి తిరిగిన పనే.

ఆ బండి మీదే ఎన్టీఆర్ రాష్ట్రంలోని అన్ని జిల్లాలూ తిరిగారు. లెక్క వేలాది కిలోమీటర్లు. రాత్రి ఎక్కడ ఆగితే అక్కడే పడక. పొద్దున్నే రోడ్డు పక్కనే స్నానం, టిఫిను. రాముడిగా, కృష్ణుడిగా తెర మీద చూసిన మనిషి పంపుసెట్టు దగ్గర నీళ్లు పోసుకోవడం పల్లె జనం కళ్లారా చూశారు. హెలికాప్టర్‌లో వచ్చి గంటలో వెళ్లిపోయే నాయకులకీ ఈయనకీ తేడా అక్కడే తెలిసిపోయింది. తర్వాత దేశంలో ఎన్నో రథయాత్రలు వచ్చాయి. 1990లో అద్వానీ టొయోటా వాహనం మీద బయల్దేరేనాటికే తెలుగువాళ్లకి రథం అంటే ఏంటో ఎనిమిదేళ్ల కిందటే తెలుసు.

1983 జనవరిలో ఫలితాలు. 294 సీట్లలో రెండొందలకి పైగా టీడీపీ ఖాతాలోకి. ఆళ్లగడ్డ కూడా ఆ గాలిలో టీడీపీకే దక్కింది. జనవరి 9న ఎన్టీఆర్ ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు.

ఆళ్లగడ్డ పొలాలకి కాలువ

సీమకి ఆయన ఇచ్చినవాటిలో ఇప్పటికీ కళ్లకి కనిపించేది తెలుగుగంగ. మద్రాసుకి తాగునీళ్లిచ్చే ఒప్పందం 1976 నాటిది. నీళ్లు మన నేల మీదుగా పోతున్నప్పుడు మన పొలాలు ఎండిపోవడమేంటన్నది ఎన్టీఆర్ ప్రశ్న. 1983లో ఎంజీఆర్‌తో మాట్లాడి సాగునీటిని కూడా అందులో కలిపారు. పేరు పెట్టిందీ ఆయనే. శ్రీశైలం నీళ్లు పోతిరెడ్డిపాడు, బనకచర్ల మీదుగా వెలుగోడు రిజర్వాయర్‌కి చేరతాయి. అక్కణ్ణుంచి నల్లమల అంచునే ఆళ్లగడ్డ వైపు మండలాల మీదుగా కడప జిల్లా బ్రహ్మంగారి మఠానికి, ఆపైన సోమశిల, కండలేరుకి పోతాయి.

కిలో రెండు రూపాయల బియ్యం, పటేల్ పట్వారీ వ్యవస్థ రద్దు, తాలూకాల స్థానంలో మండలాలు, ఆడపిల్లలకి ఆస్తిలో సమాన హక్కు.. ఇవన్నీ ఆ ఏడేళ్లలోనివే. 1984 ఆగస్టులో, అమెరికాలో గుండె ఆపరేషన్ చేయించుకుని తిరిగొచ్చిన వెంటనే కుర్చీ పోయింది. నెల రోజులు జనంలో తిరిగి సెప్టెంబర్ 16న మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు.

అయితే రథం వెళ్లిన ప్రతిచోటా గెలుపే అనుకుంటే తప్పు. 1985లో రాష్ట్రమంతా టీడీపీ గెలిస్తే ఆళ్లగడ్డ మాత్రం కాంగ్రెస్‌కి పోయింది. 1989లో పార్టీ ఓడింది, కల్వకుర్తిలో ఎన్టీఆరే ఓడిపోయారు. విచిత్రం ఏంటంటే, ఆ ఓటమి గాలిలో ఆళ్లగడ్డ టీడీపీ చేతికొచ్చింది. సీమ ఓటరు లెక్క ఎప్పుడూ వేరే!

నంద్యాలలో రథానికి పని లేని రోజులు

1991 జూన్‌లో పీవీ నరసింహారావు ప్రధాని అయ్యారు. ఆ కుర్చీలో కూర్చున్న తొలి తెలుగువాడు. కానీ అప్పటికి ఆయన ఎంపీ కాదు. ఆరు నెలల్లో గెలవాలి. నంద్యాల ఎంపీగా ఉన్న గంగుల ప్రతాపరెడ్డి రాజీనామా చేసి సీటు ఖాళీ చేశారు. నవంబర్‌లో ఉప ఎన్నిక.

ఎన్టీఆర్ ముందు రెండు దారులున్నాయి. పీవీది మైనారిటీ ప్రభుత్వం. ఢిల్లీలో ఎన్టీఆర్ నేషనల్ ఫ్రంట్ ఛైర్మన్, అంటే ఎదుటి శిబిరం పెద్ద. పార్టీ పుట్టిందే కాంగ్రెస్‌కి ఎదురుగా. నంద్యాల లోక్‌సభ సీటు 1984లో టీడీపీ గెలిచినదే. ఆళ్లగడ్డలో పార్టీకి గట్టి కేడర్ ఉంది. ప్రధానిని సొంత గడ్డ మీద చెమటలు పట్టించే అవకాశం మళ్లీ మళ్లీ రాదు.

అయినా ఎన్టీఆర్ అభ్యర్థిని పెట్టలేదు. తెలుగువాడు ప్రధాని అయ్యాడు, ఆయన మీద పోటీ వద్దన్నదే నిర్ణయం. ఏళ్ల తరబడి కాంగ్రెస్‌తో ఊరూరా ఢీ అంటే ఢీ అన్న కార్యకర్తలకి అది మింగుడుపడే మాట కాదు. ఊళ్లో పగలు పార్టీ జెండాలతో ముడిపడిన ప్రాంతం ఇది. ఇక్కడ పక్కకి తప్పుకోవడాన్ని ఓటమి కింద లెక్కేసే అలవాటు. అందుకే ఆ నిర్ణయం ఖరీదు హైదరాబాద్‌లో కన్నా ఆళ్లగడ్డలోనే ఎక్కువ.

పీవీ 5 లక్షల 80 వేలకి పైగా మెజారిటీతో గెలిచారు. అప్పట్లో అది రికార్డు. పోటీలో నిలిచిన బీజేపీ నేత బంగారు లక్ష్మణ్‌కి డిపాజిట్ దక్కలేదు. మరుసటి ఏడాదే టీడీపీ ఎంపీల్లో కొందరు చీలిపోయి పీవీ ప్రభుత్వానికి మద్దతు పలికారు. అంటే ఎన్టీఆర్ చూపిన మర్యాదకి రాజకీయంగా తిరిగొచ్చిన లాభం సున్నా. ఆయన మాత్రం నంద్యాల నిర్ణయాన్ని పార్టీ లాభనష్టాల పుస్తకంలో రాసుకోలేదు.

చివరి మలుపు

1994లో ఎన్టీఆర్ మళ్లీ జనంలోకి వెళ్లారు. 71 ఏళ్ల వయసులో తిరుగులేని మెజారిటీతో గెలిచి డిసెంబర్ 12న ప్రమాణం చేశారు. తొమ్మిది నెలలు తిరక్కుండానే సొంత పార్టీ ఎమ్మెల్యేలు, కుటుంబసభ్యుల్లో ఎక్కువమంది దూరమయ్యారు. 1995 ఆగస్టులో ప్రచార వాహనం మీదే వైస్రాయ్ హోటల్ ముందుకి వెళ్లి ఎమ్మెల్యేల్ని పిలిచారు. పదమూడేళ్ల కిందట పూలు పడ్డ మనిషి మీదకి ఆ రోజు చెప్పులు వచ్చాయి. 1996 జనవరి 18 తెల్లవారుజామున హైదరాబాద్‌లో కన్నుమూశారు.

ఆ ఏడాది ఎన్నికల్లో నంద్యాలలో టీడీపీ బరిలోకి దిగింది. భూమా నాగిరెడ్డి ప్రధాని పీవీ మీద పోటీ చేసి ఓడారు. పీవీ ఒడిశాలోని బరంపురం సీటు ఉంచుకుని నంద్యాల వదిలేశాక, ఉప ఎన్నికలో భూమా గెలిచారు. అదే ఏడాది సెప్టెంబర్‌లో కృష్ణా నీళ్లు తెలుగుగంగ కాలువ దాటి తమిళనాడు పొలిమేర చేరాయి. చూడ్డానికి ఎన్టీఆర్ లేరు.

రథం నడిపిన హరికృష్ణ 2018 ఆగస్టు 29న నల్గొండ జిల్లాలో జరిగిన కారు ప్రమాదంలో చనిపోయారు. నాటి షెవర్లేని మాత్రం హైదరాబాద్‌లో భద్రంగా ఉంచారు. వేలానికి పెడితే ఎంత పలుకుతుందో లెక్క కట్టేవాళ్లు ఇంజిన్ సైజు, మోడల్, నంబర్ చూస్తారు. నంద్యాల, ఆళ్లగడ్డ దారిలో 1982 చూసిన పెద్దవాళ్లు మాత్రం ఆ బండి ఎంత నెమ్మదిగా వచ్చిందో చెబుతారు. 1991లో ఎందుకు రాలేదో కూడా చెబుతారు.