ధర్మపురి శేషప్పకవి: దాచుకొనని భయము

గోదావరి పడమటి కొండలలో పుట్టి తూర్పు సముద్రమునకు పోవు నది. అట్టి నది ధర్మపురి కడ కొంతమేర దక్షిణమునకు మరలి ప్రవహించును. అందువలన ఇచ్చటి స్నానము విశేష ఫలప్రదమని భక్తుల విశ్వాసము. నదికి ఈవల ధర్మపురి, ఆవల పూర్వపు ఆదిలాబాదు సీమ. 2016 వరకు కరీంనగరు జిల్లాలో ఉండి, ఆ పిమ్మట జగిత్యాల జిల్లాలో చేరిన ఈ క్షేత్రమున లక్ష్మీనరసింహుడును రామలింగేశ్వరుడును ఇరుగుపొరుగున కొలువుదీరియున్నారు.

దక్షిణదిక్కునకు అధిపతి యముడు. నరసింహుని ఆలయ ప్రాంగణముననే ఆ యమధర్మరాజునకు ఒక గుడి కలదు. యమునకు గుడి కట్టి పూజించుట మన దేశమున మిక్కిలి అరుదు. ప్రాణులను దండించి దండించి మనశ్శాంతి గోల్పోయిన యముడు తీర్థములన్నియు తిరిగి, తుదకు ఇచట గోదావరిలో మునిగి నరసింహుని సేవించి ఊరట పొందెనని స్థలపురాణము చెప్పును. ధర్మపురిని దర్శించినవానికి యమపురి లేదను నానుడి ఆ ప్రాంతమున పిన్నలకు సైతము తెలియును.

శేషప్పకవి ఆ ఊరివాడు. రెండు శతాబ్దములకు పైబడిన కాలమునుండి తెలుగువారి నోట నిలిచిన నరసింహశతకమును రచించిన భక్తుడు ఇతడే. నరహరి శతకము, నృకేసరి శతకము కూడ ఇతని పేరనే వెలసినవి. యమపురి భయము తొలగునని లోకము చెప్పుకొను పుణ్యక్షేత్రమున నిత్యము స్వామిని సేవించుచు కూడ, తనకు మరణమన్న భయమున్నదని ఇతడు దాచక చెప్పెను. క్షేత్రమహిమను కప్పుకొని ఆ భయమును మరుగుపరచలేదు.

కావ్యము చెప్పబూనిన కవులు తొలుత తమ వంశమును, గురువును, తమ్ము పోషించు ప్రభువును వర్ణించుట పరిపాటి. శేషప్ప తన శతకారంభమున తనకు లేనివాటిని లెక్కించెను. గణయతిప్రాసల లక్షణము చూడలేదనియు, పంచకావ్యములు పఠింపలేదనియు, అమరము మూడు కాండములును పరిశీలింపలేదనియు, శాస్త్రగ్రంథములు చదువలేదనియు స్వామికి విన్నవించెను. చెరకుగడ వంకర పోయినంత మాత్రమున దాని తీపి చెడదు గదా యను ధైర్యముతో సీసపద్యములు మొదలిడెను. పండితులు దీనిని కేవలము వినయోక్తిగా కొట్టివేయవచ్చును. కాని ఆ పద్యములు చదివినవారికి ఇది వట్టి అలంకారముగా తోచదు. ఊరివారు మాటలాడుకొను మాటలే ఆ సీసములలో నడచుచుండును.

జనము అతనిని గౌరవించినట్లు ఆ శతకమున కనబడదు. మందుడని నిందించినవారు, దీనస్థితిని చూచి నవ్వినవారు, దాపుననే ఉండి గేలిచేసినవారు, కోపముతో తిట్టినవారు, అందరును ఒక పద్యములో వరుసగా వత్తురు. ఒక్కరి పేరునైన అతడు చెప్పలేదు. కల్పవృక్షమువంటి స్వామి ఉండగా జనుల లెక్క తనకేలయని ఊరకుండెను. ఆ మాట అనుట సులభము, నిలుపుకొనుట కష్టము. అతనికిని అది కష్టమే అయియుండవలెను. ఎగతాళి రకములను అంత వివరముగా ఎరిగినవానికి ఆ బాధ తెలియక పోదు.

స్వామిని కూడ అతడు సంపద కొరకు వేధింపలేదు. బంగారము, పల్లకి, భూములు, పశువులు, ఇవి యేవియు తాను అడుగలేదని స్వామికే గుర్తుచేసి, తనకు కావలసినది మోక్షమొక్కటే యని తేల్చెను. నేర్చిన విద్య పొట్టకూటికి గాక స్వామిని పొగడుటకే యని మరియొకచోట చెప్పుకొనెను.

తన సంగతి ఇంత మెత్తగా చెప్పుకొన్నవాడు లోకము సంగతి వచ్చునప్పటికి మొగమాటము చూపలేదు. జందెము వేసి సంధ్య వార్చినను బ్రహ్మము నెరుగనివాడు బ్రాహ్మణుడు కాడనెను. నొసట తిరుమణి దిద్దినంత వైష్ణవుడును, బూడిద పూసినంత శైవుడును, కాషాయము కట్టినంత యతియు కారనెను. శివకేశవులిరువురును వెలసిన ఊరిలో, ఇరుపక్షముల చిహ్నములు ధరించినవారు నిత్యము ఎదురుపడు వీథులలో నివసించుచు ఈ మాట అనుట సామాన్యము గాదు.

ఇంకొక పద్యమున దోషమెవరిదను ప్రశ్నకు దిగెను. పశువు చిక్కిపోయినచో అది కాపరి తప్పు. సైన్యము చెదరినచో సేనానాథుని తప్పు. ఏనుగు పొగరుబోతైనచో మావటివాని తప్పు. ప్రజలు దుర్జనులైనచో ప్రభువు తప్పు. అందే భార్యను, బిడ్డలను గూర్చి వచ్చు పోలికలు ఈ కాలపు చెవికి కటువుగా తోచవచ్చును. అయినను తప్పును లోబడియుండువానిపై గాక పగ్గము చేతబట్టినవానిపై మోపుటలోని సాహసమును గుర్తింపవలసియున్నది. రాజులును జమీందారులును సర్వాధికారులై యున్న దినములలో, ఏ కొలువును ఆశ్రయింపని ఒక సామాన్యుడు ప్రజల నడవడికి ప్రభువే ఉత్తరవాది యనెను.

అయితే చెప్పినంతనే లోకము మారునను భ్రమ అతనికి లేదు. పెద్దపులిని భుజబలముచే చంపవచ్చును, పాము మెడ పట్టవచ్చును, ముండ్లకంపలో చొరబడవచ్చును. దుష్టునకు బోధచేసి సజ్జనునిగా మార్చుట మాత్రము ఎంత నేర్పరికిని సాధ్యము గాదని ఒప్పుకొనెను. పులులు తిరిగిన గోదావరీతీరపు అడవుల నడుమ పలికిన మాట యిది. ప్రహ్లాదునంతటివాని బోధకే హిరణ్యకశిపుడు మారకున్న కథను నిత్యము తలచుకొను నరసింహభక్తునకు ఇది క్రొత్త సత్యము గాదు.

ఇక మరణము. అంత్యకాలమున దేనిని స్మరించుచు దేహము విడుచునో దానినే జీవుడు పొందునని గీత ఎనిమిదవ అధ్యాయము బోధించును. భక్తులకు ఇది గొప్ప ఆశ్వాసము. శేషప్పకు మాత్రము ఇందులోనే భయము పుట్టెను. జీవించియున్నన్ని నాళ్ళు భజన తప్పడు, సరే. ఆ చివరి గడియలో మరచిపోయినచో? యమదూతలు వచ్చి ప్రాణములను పెకలించువేళ, కఫవాతపిత్తములు క్రమ్ముకొని, భ్రమచే ఒడలు వణకుచుండగా, నోట నారాయణ నామము వచ్చునో రాదో! జీవితమంతయు చేసిన సాధన ఒక్క గడియ మరపుతో వ్యర్థమగునేమో యను ఈ సందేహమును సాధారణముగా భక్తులు పైకి చెప్పరు. చెప్పినచో విశ్వాసము చాలలేదందురేమో యని జంకు. ఇతడు జంకక, స్వామి ఎదుటనే చెప్పెను. అంతటితో ఆగక దారియు వెదకెను. అప్పుడు నోరు పెగలదు గనుక, నోరు పెగలుచున్న ఇప్పుడే ఆ భజన చేసి ఉంచుచున్నానని విన్నవించుకొనెను.

ఈ భయము శేషప్ప ఒక్కనిదే కాదు. చేరరాజైన కులశేఖరులు ముకుందమాలయందు ఇదే వేదన చెంది, కంఠమునకు కఫము అడ్డుపడకమునుపే తన మనసనెడు హంసను స్వామి పాదపద్మములనెడు పంజరమున చేర్చుమని ప్రార్థించెను. పెరియాళ్వారు శ్రీరంగనాథునితో, అప్పటి కొరకు ఇప్పుడే చెప్పి ఉంచితినని మొరపెట్టుకొనెను. ఒకరు రాజు, ఒకరు తులసిమాలలు కట్టిన విప్రుడు, ఒకరు అమరమైనను చదువలేదని చెప్పుకొన్న ధర్మపురి వాసి. మృత్యువు తలపునకు వచ్చినంతనే మువ్వురును ఒకే మాట పలికిరి.

శేషప్పకు మరియొక భయము కూడ కలదు. తాను స్వామిని మరచుట అటుంచి, స్వామియే తన్ను మరచినచో? నీకు సేవకులు కోట్లకొలది యున్నారు, ఆ సందడిలో పరాకుపడి నన్ను మరువకుమని అతడు వేడెను. ఇందరు బలవంతులైన సేవకులుండగా చిక్కినవాని వలన స్వామికి ఏమి పని యని తనకు తానే ప్రశ్నించుకొనెను. గొప్ప ఉత్సవములందు గుంపు వెనుక నిలిచి, మూలవిరాట్టును చూడవలెనని మునివేళ్ళపై లేచిన పేదభక్తుని మనస్సు ఈ పద్యమున కనబడును. గానము చేయుటకు నారదుడను గాను, సేవచేయుటకు శబరిని గాను, బాల్యమునుండి భక్తి గలుగుటకు ప్రహ్లాదుడను గాను, గ్రంథములు కల్పించుటకు వ్యాసుడను గాను అని ఒక్కొక్క మెట్టే దిగి, హీనుడనైన నన్ను ఏలుకొనుమని నేలపై నిలిచి అడిగెను.

శతకము ముగియువేళ మాత్రము తన పేరు చెప్పుకొనెను. శేషప్ప యను కవి చెప్పిన ఈ పద్యములు వినినవారికిని, వ్రాసినవారికిని మేలు కలుగునని పలికెను. తాటాకులనుండి చిన్న అచ్చుపుస్తకములకును, వాటినుండి బడిపిల్లల పాఠ్యపుస్తకములకును ఆ పద్యములు ప్రాకినవి. తల్లి గర్భమునుండి ఎవ్వడును ధనము తేడను భావము గల పద్యము చదువురాని ముదుసలులకు సైతము కంఠస్థము. ధర్మపురిలో ఉత్సవకార్యక్రమములు జరుగు వేదికకు శేషప్ప కళావేదిక యని పేరు. దాపున నిలిచి గేలిచేసినవారి పేర్లు ఏ పద్యమునను లేవు.