బాబాసాహెబ్ కళ్ళు

మన హాస్టల్ వరండాలో బాబాసాహెబ్ ఫొటో ఉంది. నీలం కోటు, గుండ్రటి కళ్ళద్దాలు. ఏటా ఏప్రిల్ 14న దండ వేసి జైభీమ్ అంటాం. ఆ కళ్ళద్దాల వెనుక ఉన్న కళ్ళ గురించి ఈ వార్షికోత్సవ సంచికలో నాలుగు మాటలు రాస్తున్నాం.

డాక్టర్ బి.ఆర్.అంబేడ్కర్ 1891లో మౌ పట్టణంలో జన్మించారు. బడిలో ఆయనను అందరితో కలిసి కూర్చోనివ్వలేదు, నీళ్ళు ముట్టనివ్వలేదు. తర్వాత ముంబయి పరేల్‌లో ఇంటిల్లిపాదీ ఒకే గదిలో ఉండేవారు. తండ్రి రాంజీ గారు రాత్రి 2 గంటలకు లేపితే దీపం ముందు కూర్చుని చదివేవారు. 1913లో బరోడా మహారాజు స్కాలర్‌షిప్‌తో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్ళారు. 1923లో లండన్‌లో డి.ఎస్సీ. పట్టా పొందారు. 1927లో మహద్ చెరువు నీటి కోసం పోరాడారు.

1947 ఆగస్టు 29న రాజ్యాంగ ముసాయిదా కమిటీ ఏర్పడింది. దానికి ఆయనే అధ్యక్షులు. ఆ రోజుల్లోనే మధుమేహం, కాళ్ళ నొప్పులు ఆయనను పట్టుకున్నాయి. 1948 ఏప్రిల్ 15న డాక్టర్ శారదా కబీర్‌ను వివాహమాడారు. ఆమే సవితా అంబేడ్కర్. ఒంట్లో బాగోకపోయినా పని ఆపలేదు. 1949 నవంబర్ 26న రాజ్యాంగం ఆమోదం పొందింది. 1954 నాటికి చూపు బాగా తగ్గింది, చాలాకాలం మంచం పట్టారు. అయినా బుద్ధునిపై గ్రంథం రాస్తూనే ఉన్నారు. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బౌద్ధం స్వీకరించారు. డిసెంబర్ 5 రాత్రి ఆ గ్రంథం ముందుమాట కాగితాలు చూసుకుని పడుకున్నారు. 6వ తేదీ ఉదయానికి మనకు లేరు.

చదివినందువల్ల ఎవరి కళ్ళూ పోవు. మధుమేహం మాత్రం కంటికి ఎంతో హాని చేస్తుంది. కంటి వెనుక రెటీనా పొరలో వెంట్రుక కంటే సన్నని రక్తనాళాలు ఉంటాయి. రక్తంలో చక్కెర ఏళ్ళ తరబడి ఎక్కువగా ఉంటే వాటి గోడలు బలహీనపడి, బుడిపెల్లా ఉబ్బి, నీరు, రక్తం కారతాయి. కొన్ని మూసుకుపోతాయి. అప్పుడు ప్రాణవాయువు అందక రెటీనా కొత్త నాళాలను పుట్టిస్తుంది. అవి పెళుసువి, చిట్లితే కంట్లో రక్తం నిండుతుంది. ఇదంతా మొదట్లో నొప్పి లేకుండా, చూపు తగ్గకుండానే జరుగుతుంది. ఇన్సులిన్ 1922లోనే వచ్చింది. కానీ ఈ నాళాలకు లేజర్ వైద్యం బాబాసాహెబ్ వెళ్ళిపోయాకే వచ్చింది. కంట్లో వేసే సూదిమందులు 2000 తర్వాత వచ్చాయి.

మా ఇంట్లో మందుల చీటీ చదవగలిగింది మేమే మొదట. నాన్నకు షుగర్ అని తెలిశాక మాత్రలు తెచ్చాం గానీ కళ్ళు చూపించాలని మాకూ తెలియలేదు. మసకగా ఉందంటే వయసు అనుకున్నాం. అది మా తప్పే.

తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా! ఈసారి సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు షుగర్ ఉన్న అమ్మానాన్నలను ఆసుపత్రికి తీసుకెళ్ళండి. కంట్లో చుక్కలు వేయించి రెటీనా పరీక్ష చేయించండి. చూపు బాగున్నా ఏటా ఒకసారి చేయించండి. బాబాసాహెబ్ మనకు చదువు దారి చూపారు. ఆ చదువు ముందుగా మన ఇంటి కళ్ళను కాపాడాలి.