జహనారా బేగం: బంధాల నడుమ ఆత్మసాధన

ఆధ్యాత్మిక సాధన అనగానే గుహలు, అరణ్యాలు, ఏకాంత కుటీరాలు మన మనస్సులో మెదలడం సహజం. కన్నవారిని, తోబుట్టువులను విడిచి వెళ్ళినవారికే ఆత్మశాంతి లభిస్తుందని పలువురి నమ్మకం. కాని కలహాలతో రగిలిపోయిన ఒక కుటుంబం నడుమనే నిలిచి, ఆ కుటుంబాన్నే తన సాధనాక్షేత్రంగా మలచుకొన్న ఒక మహనీయురాలు మన దేశ చరిత్రలో కనిపిస్తుంది. ఆమె మొగలు చక్రవర్తి షాజహాన్ కుమార్తె జహనారా బేగం.

జహనారా 1614లో జన్మించింది. 1631లో బుర్హాన్‌పూర్‌లో తల్లి ముంతాజ్ మహల్ పదునాలుగవ కాన్పులో కన్నుమూసేనాటికి ఆమెకు పదిహేడేండ్లు. దుఃఖంతో క్రుంగిపోయిన తండ్రిని ఓదార్చడం, తల్లిలేని తమ్ముళ్ళను, చెల్లెళ్ళను చూచుకోవడం, అంతఃపురాన్ని నిర్వహించడం ఒక్కసారిగా ఆమె బాధ్యతలైనాయి. 1633లో తమ్ముడు దారా షికో వివాహాన్ని తల్లిస్థానంలో నిలిచి ఆమెయే జరిపించింది. ఆగ్రాలోని జామా మసీదు, ఢిల్లీలోని చాందినీ చౌక్ ఆమె నిర్మింపజేసినవే.

ఇంతటి వైభవం నడుమ కూడ ఆమె హృదయం పరమార్థం వైపే మొగ్గింది. దారా వలెనే ఆమె కూడ ఖాదిరీ సూఫీ సంప్రదాయానికి చెందిన ముల్లా షా బదఖ్షీని ముర్షిదుగా స్వీకరించింది. 1640లో అజ్మీరు ఖ్వాజా ముయీనుద్దీన్ చిష్తీ జీవితచరిత్రను 'మూనిసుల్ అర్వాహ్' అనే పేరుతో పారసీక భాషలో రచించింది. మరుసటి సంవత్సరం తన గురువును గురించి, తన ఆత్మానుభవాలను గురించి 'రిసాలయె సాహిబియ్యా' వ్రాసింది. అప్పటికామె వయస్సు ఇరువదియేడు. అహాన్ని జయించడమే సూఫీ మార్గానికి మూలం. అయితే ఆ సత్యాన్ని గ్రంథంలో వ్రాయడం ఒక ఎత్తు, ఇంటివారి నడుమ ఆచరించడం వేరొక ఎత్తు. అసలు పరీక్ష ఆమెకు ముందున్నది.

1644లో దీపజ్వాల దుస్తులకంటుకొని జహనారా తీవ్రంగా గాయపడి, నెలల తరబడి మంచం పట్టింది. ఆ సంవత్సరమే ఆమె తమ్ముడు ఔరంగజేబు తండ్రి ఆగ్రహానికి గురియై దక్కను సుబేదారీని పోగొట్టుకొన్నాడు. కోలుకొన్న తరువాత ఆమె తండ్రిని బ్రతిమాలి అతనిని తిరిగి అనుగ్రహానికి పాత్రుణ్ణి చేసింది. అయినను దారాపై ఆమెకున్న మక్కువ అందరికీ తెలిసినదే. 1656లో ఔరంగజేబు మన గోల్కొండను ముట్టడించినప్పుడు దారా పక్షం మాట నెగ్గి, షాజహాన్ ఆజ్ఞపై ముట్టడిని ఎత్తివేయవలసి వచ్చింది. ఇట్టివన్నీ సోదరుల నడుమ వైరాన్ని పెంచినాయి.

1657లో షాజహాన్ వ్యాధిగ్రస్తుడు కాగానే నలుగురు సోదరులు సింహాసనానికై కత్తులు దూసినారు. 1658 మే నెలలో సాముగఢ్ యుద్ధంలో దారా ఓడిపోయాడు. జూన్‌లో జహనారా స్వయంగా ఔరంగజేబు వద్దకు వెళ్ళి, రాజ్యాన్ని సోదరులు పంచుకోవలసినదిగా కోరింది. అతడు అంగీకరించలేదు. షాజహాన్ ఆగ్రా కోటలో బందీ అయినాడు. విజేత పక్షాన చేరిన చెల్లెలు రోషనారాకు గౌరవాలు దక్కగా, జహనారా తండ్రితో పాటు కోటలోనే ఉండిపోయింది. 1659లో దారా వధింపబడినాడు, 1661లో మురాద్ వధింపబడినాడు. షుజా అరకాన్‌కు పారిపోయి మరి తిరిగి రాలేదు.

ఏడు సంవత్సరాలకు పైగా ఆమె వృద్ధుడైన తండ్రికి సేవ చేసింది. దారా అనాథబాలిక జహాన్‌జేబ్ బానును దగ్గరకు తీసుకొని పెంచింది. ప్రాణసమానుడైన తమ్ముణ్ణి చంపించినవాడు మరొక తమ్ముడు. అతనిపై కసిని పెంచుకొంటూ జీవించడానికి ఆమెకు కారణాలు కొరతపడలేదు. కాని ఆమె మరొక దారి త్రొక్కింది. ఔరంగజేబును క్షమింపవలసినదిగా తండ్రిని పదే పదే ప్రార్థించింది. పలుమార్లు నిరాకరించిన షాజహాన్ తుదకు క్షమాపత్రంపై సంతకం చేసినాడు. 1666 జనవరిలో ఆయన కన్నుమూశాడు.

ఈ క్షమను బలహీనతగా భావించరాదు. దారా పట్ల తన ప్రేమను ఆమె ఏనాడూ విడనాడలేదు. తండ్రిని వదలి విజేత ప్రాపకానికై ప్రాకులాడలేదు. తండ్రి ద్వేషాన్ని మోసుకొంటూ లోకం వీడరాదనీ, తమ్ముడు తండ్రి శాపంతో మిగిలిపోరాదనీ తలచిన హృదయం నుండి పుట్టిన క్షమ అది. తరువాత ఔరంగజేబు ఆమెను సగౌరవంగా ఆదరించి, పాదుషా బేగం స్థానాన్ని తిరిగి ఇచ్చినాడు. 1669లో జహాన్‌జేబ్ బానును ఔరంగజేబు కుమారుడైన ఆజంకిచ్చి జహనారాయే వివాహం జరిపించింది. రక్తం చిందిన రెండు కుటుంబాలు ఆమె చేతులమీదుగా ఒక్కటైనాయి.

1681 సెప్టెంబరులో జహనారా దివంగతురాలైంది. ఢిల్లీలో హజ్రత్ నిజాముద్దీన్ దర్గా ఆవరణలో ఆమె సమాధి ఉన్నది. చుట్టూ పాలరాతి జాలీలున్నా పైన కప్పు లేదు. సమాధిపై పచ్చిగడ్డి పెరుగుతుంది. తాజ్ మహల్ కట్టించిన చక్రవర్తి కుమార్తె తనకు గడ్డి కప్పు చాలునని కోరుకొన్నది.

విద్యార్థినీ విద్యార్థులారా! తండ్రితో పొసగని కుమారులు, అన్నతో మాటలు లేని తమ్ముళ్ళు మన ఇండ్లలోనూ ఉన్నారు. మన మంచితనానికి పరీక్ష పరాయివారి యెడల జరుగదు. నిత్యం మనల్ని నొప్పించే మనవారి యెడలనే జరుగుతుంది. అన్యాయాన్ని న్యాయమని ఒప్పుకొననక్కరలేదు. కాని ద్వేషాన్ని హృదయంలో నిలువనీయరాదు. జహనారా బేగం జీవితం మనకు బోధించే పాఠం ఇదే.