పండిత రమాబాయి, ఆమె కుమార్తె

ఖరగ్‌పూర్ రైల్వే పట్టణమున మన తెలుగు కుటుంబములు అనేకము తరతరములుగా నివసించుచున్నవి. అచ్చటి ఇండ్లలో ఆడపిల్లల చదువు ప్రస్తావనకు వచ్చినప్పుడు పండిత రమాబాయి చరిత్ర తలంపదగినది. 1878లో ఆమె తన అన్నతో కలకత్తా చేరునాటికి ఖరగ్‌పూర్‌కు రైలే రాలేదు. దేశమెల్ల కాలినడకన తిరిగిన అనాథలు వారు.

భార్యకు సంస్కృతము నేర్పినందుకు తండ్రి అనంతశాస్త్రి పండితసభ యెదుట సంజాయిషీ చెప్పుకొనవలసి వచ్చెను. ఆ భార్య లక్ష్మీబాయియే కూతురికి గురువాయెను. 1874 కరవులో తలిదండ్రులిరువురును గతించిరి.

1880లో వంగదేశీయుడైన బిపిన్ బిహారీ దాసుతో వివాహము, 1881లో మనోరమ జననము, 1882లో వైధవ్యము. 1883లో ఇంగ్లండునందు తల్లీబిడ్డలు బాప్తిస్మము పొందిరి. ఆశ్రయమిచ్చిన సిస్టర్లతోనే, బిడ్డ మతశిక్షణ విషయమై రమాబాయి గట్టిగా వాదించెను. కృతజ్ఞత వేరు, మనస్సాక్షిని అప్పగించుట వేరు గదా! మనోరమ స్వదేశీయులకు పరాయిది కారాదనియు, వారికంటె తాను అధికురాలనని తలంపరాదనియు ఆ తల్లి కోరెను.

1889లో బొంబాయిలో శారదా సదనము, పిమ్మట కేడ్‌గాంలో ముక్తి మిషను వెలసెను. మనోరమ బి.ఏ. పట్టభద్రురాలై తల్లికి కుడిభుజమాయెను. నాటి నిజాం రాజ్యమందలి గుల్బర్గాలో బాలికల పాఠశాల స్థాపించెను. 1921లో, నలువదేండ్లకే, ఆమె కన్నుమూసెను.

తల్లి ఆ దుఃఖములోనే తన మరాఠీ బైబిలు అచ్చుప్రతులు దిద్దుట ముగించి, 1922 ఏప్రిల్ 5న ప్రభువునందు నిద్రించెను.