దామెర్ల రామారావు

గోదావరీతీరమునందలి రాజమహేంద్రవరమున 1897వ సంవత్సరమున దామెర్ల రామారావు జన్మించెను. బాల్యమునుండియు అతనికి బొమ్మలపైననే ధ్యాస. ఆ దినములలో రవివర్మ చిత్రముల అచ్చుప్రతులు ఇంటింట గోడలపై వ్రేలాడుచుండెడివి. బొమ్మలు వేయగోరు బాలురు వానిని చూచి దించుటతో విద్య నారంభించి, పెక్కురు అంతటితోనే ముగించెడివారు. చూచి దించుట తప్పు కాదు. అందే నిలిచిపోవుట తప్పు.

అతని భాగ్యవశమున ఆనాడు రాజమహేంద్రవరము ప్రభుత్వ కళాశాలకు ఆస్వాల్డ్ కూల్డ్రే అను ఆంగ్లేయుడు అధ్యక్షుడై యుండెను. ఆయన స్వయముగా కవి, చిత్రకారుడు. అడివి బాపిరాజు మొదలగు విద్యార్థులు ఆయనకు ప్రియశిష్యులు. ఆయన దృష్టి రామారావుపై బడెను. గురువు శిష్యుని అజంతా గుహలకు గొనిపోయి, ప్రాచీన భారతీయుల కుంచె పనితనమును కన్నులార చూపెను. పరదేశీయుడైన గురువు తన దేశపు చిత్రములను చూపుటతో తృప్తిపడక, శిష్యుని పూర్వుల సొత్తును శిష్యునకే చూపుట మెచ్చదగిన సంగతి.

1916లో కూల్డ్రే ప్రోత్సాహమున రామారావు బొంబాయిలోని జె. జె. చిత్రకళాశాలలో చేరెను. అచ్చటి శిక్షణ పాశ్చాత్య పద్ధతిది. ప్రథమమున అచ్చు నమూనాలను చూచి గీయవలెను. పిదప సున్నపు ప్రతిమల వెలుగునీడలను గుర్తింపవలెను. ఆ తరువాతనే సజీవులైన మనుష్యులను ఎదుట కూర్చుండబెట్టుకొని చిత్రింపవలెను. తైలవర్ణముల పని మరింత ఓర్పును కోరును. నీటిరంగు క్షణములో ఆరిపోవును. అవిసెనూనెతో నూరిన రంగు దినములతరబడి తడిగానే యుండును. కావున ముఖచ్ఛాయను మెల్లమెల్లగా కలుపవచ్చును, తప్పిన రేఖను తుడిచి దిద్దవచ్చును. అయితే లోని పొర ఆరకముందే పైపొర దట్టముగా వేసినచో చిత్రము పగుళ్లు బారును. ప్రసిద్ధుల చిత్రమునకు ప్రతి వ్రాయువాడు ఏ నీడ ముందు పడినదో, ఏ వెలుగు కడపట మెరసినదో వెనుకకు వెదకుకొనుచు పోవలెను. చేయి నేర్చునది అచ్చటనే. రామారావు ఈ విద్యను సాధించి 1920లో ఉత్తీర్ణుడయ్యెను.

అప్పుడాతని ముందు చిక్కుప్రశ్న యొకటి నిలిచెను. బొంబాయి పద్ధతి ననుసరించి చిత్రపటములు వ్రాసినచో జమీందారుల, సంస్థానాధీశుల ఆదరము లభించును. వంగదేశమున అవనీంద్రనాథ ఠాకూరు శిష్యులు నీటిరంగులతో పలుచని పొగమంచువంటి మరియొక మార్గమును ప్రబలము చేయుచుండిరి. రామారావు రెంటిని పరికించెను గాని దేనికిని దాసుడు కాలేదు. బొంబాయిలో నేర్చిన శరీరనిర్మాణజ్ఞానమును, అజంతాలో చూచిన రేఖాలావణ్యమును మేళవించి, తెలుగు స్త్రీల కట్టుబొట్టులను, గోదావరీతీరదృశ్యములను చిత్రించెను. ఆతని ఋష్యశృంగబంధనము మిక్కిలి ఖ్యాతి గాంచెను.

స్వస్థలమునకు మరలి ఆతడు రాజమహేంద్రవరమున చిత్రకళాశాలను స్థాపించెను. భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ, మిత్రుడు వరదా వెంకటరత్నము ఆ కృషిలో పాలుపంచుకొనిరి. గృహిణులు కుంచె పట్టుట ఆనాడు వింతయే.

ఇంతలో మశూచి సోకి, 1925 ఫిబ్రవరిలో, ఇరువదియెనిమిదవ యేడు నిండకమునుపే రామారావు కన్నుమూసెను. శిష్యుల చేతిలోనికి కుంచెలు అప్పుడప్పుడే వచ్చుచుండెను. వరదా వెంకటరత్నము ఆ శాలను మూతపడనీయక నడిపెను. రామారావు చిత్రములు రాజమహేంద్రవరమున ఆతని పేరిట వెలసిన చిత్రశాలలో భద్రపరుపబడినవి.