హ్యారీ రైట్

హ్యారీ రైట్ అనే పేరుతో ప్రసిద్ధుడైన విలియం హెన్రీ రైట్ (జనవరి 10, 1835 - అక్టోబర్ 3, 1895) అమెరికా సంయుక్త రాష్ట్రాలకు చెందిన తొలితరం బేస్‌బాల్ క్రీడాకారుడు, జట్టు నిర్వాహకుడు. ఆటగాళ్ళందరికీ బహిరంగంగా జీతాలిచ్చి నడిపిన మొట్టమొదటి బేస్‌బాల్ జట్టు సిన్సినాటి రెడ్ స్టాకింగ్స్‌ను 1869లో తీర్చిదిద్దినది ఈయనే. రెడ్ స్టాకింగ్స్ అంటే ఎర్ర మేజోళ్ళు అని అర్థం. ఆటగాళ్ళు కాళ్ళకు తొడుక్కున్న మేజోళ్ళ రంగే ఆ జట్టుకు పేరయింది. నేటి బేస్‌బాల్ ఆటగాళ్ళు ధరించే దుస్తుల తీరుకు కూడా ఆ జట్టు దుస్తులే మూలం. డబ్బు తీసుకుని ఆడటాన్ని చిన్నచూపు చూసే రోజుల్లో, ఆటను గౌరవప్రదమైన వృత్తిగా నిలబెట్టినందుకు రైట్‌ను వృత్తి బేస్‌బాల్ పితామహుడిగా పరిగణిస్తారు.

బాల్యం

హ్యారీ రైట్ ఇంగ్లండు దేశంలోని షెఫీల్డ్ నగరంలో జన్మించాడు. తండ్రి శామ్యూల్ రైట్ వృత్తిరీత్యా క్రికెట్ ఆటగాడు. హ్యారీ పసివాడుగా ఉన్నప్పుడే కుటుంబం అమెరికాకు వలస వెళ్ళింది. న్యూయార్క్‌లోని సెయింట్ జార్జ్ క్రికెట్ క్లబ్బులో తండ్రికి ఉద్యోగం దొరికింది. సభ్యులకు ఆట నేర్పడం, మైదానాన్ని సంరక్షించడం ఆయన పనులు. ఆటాడి జీతం తెచ్చుకోవడం తప్పు కాదన్న భావన హ్యారీకి ఇంట్లోనే అలవడింది. తమ్ముడు జార్జ్ రైట్ 1847లో జన్మించాడు. ఇతడు తరువాతి కాలంలో తన తరంలో మేటి ఆటగాడిగా పేరు పొందాడు.

హ్యారీ పద్నాలుగేళ్ళ వయసులో చదువు మాని నగల తయారీ సంస్థలో పనికి చేరాడు. అదే కాలంలో తండ్రికి తోడుగా క్రికెట్ క్లబ్బులోనూ ఆడసాగాడు.

క్రికెట్ నుండి బేస్‌బాల్‌కు

సెయింట్ జార్జ్ క్లబ్బు ఆడే హోబోకెన్ పట్టణపు మైదానాల్లోనే నికర్‌బాకర్ అనే బేస్‌బాల్ క్లబ్బు కూడా ఆడేది. 1850వ దశకం చివర్లో హ్యారీ ఆ క్లబ్బులో సభ్యుడయ్యాడు. ఒక నియమిత దుస్తులను ఎంచుకున్న తొలి బేస్‌బాల్ క్లబ్బుగా నికర్‌బాకర్‌నే చెబుతారు. 1849లో వారు నీలిరంగు ఉన్ని పొడవు ప్యాంటు, తెల్లని ఫ్లానెల్ చొక్కా, గడ్డితో అల్లిన టోపీ ధరించాలని నిర్ణయించుకున్నారు. వారిలో ఎక్కువమంది పగలు వ్యాపారం, గుమాస్తాగిరీ వంటి పనులు చేసుకుంటూ సరదాకు ఆడే పెద్దమనుషులు. వారి దుస్తులు కూడా అందుకు తగినట్టే ఉండేవి.

1865లో హ్యారీ ఒహాయో రాష్ట్రంలోని సిన్సినాటికి తరలి వెళ్ళాడు. అక్కడి యూనియన్ క్రికెట్ క్లబ్బు సంవత్సరానికి 1,200 డాలర్ల జీతంతో ఆయనను నియమించుకుంది. అంతర్యుద్ధం ముగిసిన తరువాత దేశమంతటా బేస్‌బాల్ విపరీతంగా వ్యాపించింది. 1866లో సిన్సినాటిలో ఏర్పడిన బేస్‌బాల్ క్లబ్బు కొద్దికాలానికే రైట్‌ను తన వద్దకు తెచ్చుకుంది. 1867 జూన్‌లో కెంటకీ రాష్ట్రపు న్యూపోర్ట్ జట్టుపై ఆయన ఒకే ఆటలో ఏడు హోమ్‌రన్‌లు సాధించినట్లు నమోదయింది.

ఎర్ర మేజోళ్ళు

1868 నాటికి సిన్సినాటి క్లబ్బు కొత్త దుస్తులను ప్రవేశపెట్టింది. కాళ్ళ చుట్టూ వదులుగా వేలాడే పొడవు ప్యాంటుకు బదులు మోకాళ్ళ కింద బిగించే పొట్టి లాగు, కింద కాళ్ళకు ముదురు ఎరుపు మేజోళ్ళు, తెల్లని ఫ్లానెల్ చొక్కా, రొమ్ము మీద ఎర్రని అలంకృత సి అక్షరం ఆ దుస్తుల ప్రత్యేకతలు. పొట్టి లాగు వల్ల పరుగెత్తడం సులువయింది. అయితే పెద్దవాళ్ళు పిల్లల మాదిరి లాగులు తొడుక్కుని కాళ్ళ ఆకృతి కనిపించేట్టు మైదానంలోకి రావడం కొందరికి నవ్వులాటగా, మరికొందరికి సభ్యత లేనిదిగా తోచింది. జట్టు గెలుస్తూ పోయేకొద్దీ ఆ నవ్వులు ఆగిపోయి, ఇతర జట్లు కూడా అవే దుస్తులను అనుకరించాయి.

ఈ దుస్తుల ఆలోచన ఎవరిదన్న విషయంలో భిన్నాభిప్రాయాలున్నాయి. చాలామంది రైట్‌దే అంటారు. క్లబ్బు సభ్యుడు జార్జ్ ఎల్లార్డ్‌దని ఆయన కుమారుడు 1907లో ప్రచురించిన సిన్సినాటి బేస్‌బాల్ చరిత్ర చెబుతుంది. ఆ దుస్తులను కుట్టినది మాత్రం సిన్సినాటికి చెందిన బెర్తా బెర్‌ట్రామ్ అనే దర్జీ. బేస్‌బాల్ రూపాన్నే మార్చిన ఆ లాగు ఒక సామాన్య మహిళ చేతి కుట్టు అన్న సంగతి చాలాకాలం ప్రచారంలోకి రాలేదు.

1869 జైత్రయాత్ర

బేస్‌బాల్ క్లబ్బుల జాతీయ సంఘం అంతకు ముందు ఆటగాళ్ళకు జీతాలివ్వడాన్ని నిషేధించింది. అయినా పేరుకు ఏదో ఒక ఉద్యోగం చూపి, చాటుగా డబ్బు ముట్టజెప్పడం చాలా క్లబ్బుల్లో ఉండేది. 1869 ఆటల కాలం నుండి సంఘం వృత్తి ఆటగాళ్ళను అనుమతించగానే, సిన్సినాటి క్లబ్బు దాపరికం లేకుండా పదిమందినీ జీతాలపై నియమించింది. మార్చి 15 నుండి నవంబర్ 15 వరకు ఒప్పందం. హ్యారీకి 1,200 డాలర్లు, తమ్ముడు జార్జ్‌కు 1,400 డాలర్లు. అన్న నాయకుడే అయినా ఎక్కువ జీతం తమ్ముడిది. జట్టు సభ్యుల్లో పియానోలు తయారుచేసేవాడు, పాలరాయి చెక్కేవాడు, టోపీలు చేసేవారు, పద్దులు రాసేవాడు ఉన్నారు. వీరిలో చార్లీ గూల్డ్ ఒక్కడే సిన్సినాటి స్థానికుడు.

రైట్ స్వయంగా సెంటర్ ఫీల్డ్‌లో ఆడేవాడు, అవసరమైనప్పుడు నెమ్మదైన బంతులు విసిరేవాడు. ఆటకు ముందు క్రమబద్ధమైన సాధన, బంతి కోసం ఒకరు పరుగెత్తితే వెనుక మరొకరు అండగా నిలవడం, ఎదుటి ఆటగాడి తీరును బట్టి స్థానాలు మార్చుకోవడం, చేతి సైగలు మొదలైనవి ఆయన జట్టులో నిత్యకృత్యాలు. మద్యపానం, జూదం విషయంలో కఠినంగా ఉండేవాడు. ఆదివారాలు ఆటకు దూరంగా ఉండేవాడు.

ఆ ఏడాది జూన్‌లో జట్టు తూర్పు నగరాల్లో పర్యటించి, వాషింగ్టన్‌లో అధ్యక్షుడు యులిసెస్ గ్రాంట్‌ను కలుసుకుంది. మే నెలలోనే పూర్తయిన ఖండాంతర రైలుమార్గం మీద ప్రయాణించి, సెప్టెంబర్‌లో శాన్‌ఫ్రాన్సిస్కోలోనూ ఆడింది. సంఘ సభ్య జట్లతో ఆడిన 57 ఆటల్లో ఒక్కటి కూడా ఓడిపోలేదు. ట్రాయ్ జట్టుతో ఆట మాత్రం 17-17 వద్ద వివాదంతో ఆగిపోయింది.

ఓటమి

1870 జూన్ 14న బ్రూక్లిన్ నగరపు క్యాపిటోలైన్ మైదానంలో అట్లాంటిక్స్ జట్టుతో ఆట జరిగింది. నియమిత తొమ్మిది ఇన్నింగ్సులు ముగిసేసరికి స్కోరు 5-5. సమంగా ముగిసినట్లు ఒప్పుకుని ఉంటే రెడ్ స్టాకింగ్స్ అజేయ చరిత్ర అలాగే నిలిచి ఉండేది. అట్లాంటిక్స్ అందుకు సిద్ధంగానే ఉన్నారు. ఆట ఫలితం తేలాల్సిందేనని సిన్సినాటి పక్షం పట్టుబట్టింది. పదకొండవ ఇన్నింగ్సులో రెడ్ స్టాకింగ్స్ రెండు పరుగులు చేసి ముందంజ వేసినా, అట్లాంటిక్స్ మూడు పరుగులు చేసి 8-7 తేడాతో గెలిచారు. ఆ తరువాత మరికొన్ని ఓటములు ఎదురయ్యాయి, ప్రేక్షకులు తగ్గారు, ఖర్చు భారమయింది. ఇకపై వృత్తి ఆటగాళ్ళను నియమించబోమని ఆ ఏడాది నవంబర్‌లో క్లబ్బు ప్రకటించింది.

బోస్టన్‌లో

1871లో రైట్ బోస్టన్ నగరంలో కొత్త జట్టును ఏర్పాటు చేశాడు. తమ్ముడు జార్జ్‌తో పాటు గూల్డ్, కాల్ మెక్‌వే సిన్సినాటి నుండి ఆయన వెంట వచ్చారు. రాక్‌ఫర్డ్ జట్టు నుండి ఆల్బర్ట్ స్పాల్డింగ్, రాస్ బార్న్స్ చేరారు. ఎర్ర మేజోళ్ళు, రెడ్ స్టాకింగ్స్ అన్న పేరు కూడా రైట్‌తో పాటు బోస్టన్ చేరాయి. అప్పుడే ఏర్పడిన తొలి వృత్తి ఆటగాళ్ళ సంఘంలో బోస్టన్ జట్టు 1872 నుండి 1875 వరకు వరుసగా నాలుగేళ్ళు విజేతగా నిలిచింది. 1875లో 71 ఆటలు గెలిచి, 8 మాత్రమే ఓడింది.

1874 వేసవిలో రైట్ తన జట్టునూ ఫిలడెల్ఫియా అథ్లెటిక్స్ జట్టునూ ఇంగ్లండుకు తీసుకువెళ్ళాడు. అక్కడ వారు బేస్‌బాల్ ప్రదర్శించడంతో పాటు క్రికెట్ కూడా ఆడారు. ఇంగ్లండు ప్రజలను బేస్‌బాల్ అంతగా ఆకట్టుకోలేదు.

1876లో నేషనల్ లీగ్ ప్రారంభమైనప్పుడు స్పాల్డింగ్, బార్న్స్, మెక్‌వే, డీకన్ వైట్ చికాగో జట్టుకు వెళ్ళిపోయారు. అయినా రైట్ జట్టును తిరిగి కూడగట్టి 1877, 1878లో లీగ్ విజేతగా నిలిపాడు. 1879లో ప్రావిడెన్స్ జట్టు బోస్టన్‌ను రెండవ స్థానానికి నెట్టింది. ఆ ప్రావిడెన్స్ జట్టు నిర్వాహకుడు తమ్ముడు జార్జ్ రైట్.

రంగుల చొక్కాలు

1882లో హ్యారీ ప్రావిడెన్స్ జట్టు నిర్వాహకుడయ్యాడు. ఆ ఏడాది నేషనల్ లీగ్ ఒక వింత నియమం చేసింది. చొక్కా, టోపీల రంగు జట్టును బట్టి కాక ఆటగాడి స్థానాన్ని బట్టి ఉండాలన్నది ఆ నియమం. అంటే రెండు జట్ల పిచర్లూ ఒకే రంగులో, ఇద్దరు క్యాచర్లూ మరొకే రంగులో కనిపిస్తారు. ఏ ఆటగాడు ఏ జట్టువాడో చెప్పేందుకు మేజోళ్ళ రంగు ఒక్కటే మిగిలింది. బోస్టన్‌కు ఎరుపు, చికాగోకు తెలుపు, ప్రావిడెన్స్‌కు లేత నీలం కేటాయించారు. ఆటగాళ్ళు తికమకపడ్డారు, చూసేవారు నవ్వుకున్నారు. ఆటల కాలం మధ్యలోనే ఈ ఏర్పాటు రద్దయింది.

చివరి రోజులు

1884 నుండి 1893 వరకు రైట్ ఫిలడెల్ఫియా జట్టును నిర్వహించాడు. 1890లో కంటి జబ్బు వల్ల కొన్ని నెలలు చూపు కోల్పోయాడు. చూపు తిరిగి రాగానే మళ్ళీ బాధ్యతలు చేపట్టాడు. నిర్వాహకుడిగా ఆయన జట్లు మొత్తం 1,225 విజయాలు సాధించాయి. ఆ పదవి నుండి తప్పుకున్న తరువాత లీగ్ ఆయనను అంపైర్ల ప్రధానాధికారిగా నియమించి గౌరవించింది. 1895 అక్టోబర్ 3న న్యూజెర్సీ రాష్ట్రంలోని అట్లాంటిక్ సిటీలో న్యుమోనియాతో మరణించాడు.

దుస్తుల చరిత్రకు ఆధారాలు

రెడ్ స్టాకింగ్స్ దుస్తుల గురించి తెలిసినదంతా పాత ఫొటోలు, పత్రికల నుండి సేకరించినదే. 1869 నాటి జట్టు ఫొటోలలో లాగు పొడవు, చొక్కా ముందు భాగపు కుట్టు, గుండీలు, సి అక్షరపు ఆకృతి స్పష్టంగా కనిపిస్తాయి. ఎరుపు మాత్రం కనిపించదు. ఆ కాలపు తడి కొలోడియన్ గాజు పలకలు నీలి కాంతికే బాగా స్పందించేవి. అందువల్ల ఎరుపు దాదాపు నలుపుగా, లేత నీలం తెలుపుగా పడేది. ఫొటోను మాత్రమే నమ్మితే ఆ జట్టును నల్ల మేజోళ్ళ జట్టు అనుకోవలసి వస్తుంది.

రంగును తెలియజేసినవి పత్రికలు. అప్పటి దినపత్రికలకు ఫొటోలు అచ్చువేసే వీలు లేదు కనుక విలేకరులు దుస్తులను మాటల్లో వర్ణించేవారు. సిన్సినాటి కమర్షియల్ పత్రిక విలేకరి హ్యారీ మిల్లార్ 1869 పర్యటనలో జట్టు వెంటే ప్రయాణించాడు. హార్పర్స్ వీక్లీ పత్రిక 1869 జూలై 3 సంచికలో జట్టు చిత్రాన్ని చెక్క అచ్చుతో ముద్రించింది. ఇటువంటి చిత్రాల్లో చెక్కేవాడి ఊహ కలిసే అవకాశం ఉంటుంది. అందువల్ల ఫొటోను, అచ్చుచిత్రాన్ని, వార్తను పక్కపక్కన పెట్టి పోల్చవలసి ఉంటుంది. పెక్ అండ్ స్నైడర్ అనే న్యూయార్క్ క్రీడాసామగ్రి దుకాణం జట్టు ఫొటోతో పంచిన ప్రకటన కార్డులు మరొక ఆధారం. వీటిని తొలి బేస్‌బాల్ కార్డులలో ఒకటిగా లెక్కిస్తారు.

తేదీ లేని ఫొటోల కాలనిర్ణయానికి దుస్తులే సహాయపడతాయి. రైట్ సోదరులు, గూల్డ్, మెక్‌వే సిన్సినాటి, బోస్టన్ జట్లు రెండింటిలోనూ ఆడారు కాబట్టి ముఖాలను బట్టి మాత్రమే జట్టును నిర్ధారించలేము. రొమ్ము మీద సి అక్షరం ఉంటే సిన్సినాటి, బోస్టన్ అన్న పేరు ఉంటే 1871 తరువాతిది. పక్కన స్పాల్డింగ్ ఉన్నా అది బోస్టన్ జట్టే. రైట్ భద్రపరచిన ఉత్తరాలు, లెక్కల పుస్తకాలు న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలోని స్పాల్డింగ్ సేకరణలో ఉన్నాయి. పాత ఫొటోలను, పత్రికలను ఇలా శోధించే పద్ధతిలోనే మార్క్ ఒకొనెన్ ఇరవయ్యవ శతాబ్దపు ప్రధాన జట్ల దుస్తులన్నిటికీ బొమ్మలు గీసి 1991లో గ్రంథంగా ప్రచురించాడు.

వారసత్వం

రైట్ స్థాపించిన బోస్టన్ జట్టు అనేక పేర్లు, నగరాలు మారి నేడు అట్లాంటా బ్రేవ్స్‌గా ఉంది. ఆ జట్టు 1907లో ఎర్ర మేజోళ్ళను వదలివేయగా, అదే నగరంలోని మరొక జట్టు ఆ రంగును చేపట్టి 1908 నుండి బోస్టన్ రెడ్ సాక్స్‌గా ప్రసిద్ధి పొందింది. 1880వ దశకంలో సిన్సినాటిలో వేరుగా ఏర్పడిన జట్టు కూడా పాత పేరునే తీసుకుంది. అదే నేటి సిన్సినాటి రెడ్స్. జార్జ్ రైట్ 1937లో, హ్యారీ రైట్ 1953లో బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎంపికయ్యారు. ఆ గౌరవం పొందిన తొలి సోదరులు వీరే.